వెస్ట్ పాయింట్ మట్టికోట: 1865 ఈస్టర్ ఆదివారం

(అట్లాంటా శివారులో తెలుగు చదువరుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు ఊరి పేరు సంగతి తేల్చేస్తాను. వెస్ట్ పాయింట్ అనగానే చాలామందికి న్యూయార్క్‌లో హడ్సన్ నది ఒడ్డున ఉన్న మిలిటరీ అకాడమీ గుర్తొస్తుంది. నేను మాట్లాడేది దాని గురించి కాదు. మనకు దగ్గర్లోనే, ఐ-85 మీద మాంట్‌గమరీ వైపు వెళ్తుంటే, జార్జియా అయిపోయి అలబామా మొదలయ్యే చోట, చాటహూచీ నది ఒడ్డున ఆ పేరుతోనే ఒక చిన్న ఊరుంది. కియా ఫ్యాక్టరీ ఉన్న ఊరు అంటే మీలో కొందరికి వెంటనే తెలుస్తుంది. మన పెనుకొండ దగ్గర కియా వాళ్ళు కార్లు చెయ్యడం మొదలుపెట్టింది 2019లో. ఇక్కడ 2009లోనే మొదలుపెట్టారు. రెండు ఊళ్ళలోనూ గుట్ట మీద ఒక కోట ఉండటం మాత్రం కాకతాళీయమే. (నవ్వులు)

పెనుకొండ చూసిన కళ్ళతో చూస్తే దీన్ని కోట అనడానికి నోరు రాదు. పొడవు 35 గజాలు, వెడల్పు 35 గజాలు. రాయి లేదు, సున్నం లేదు, అంతా మట్టి గోడలే. చుట్టూ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు కందకం. కందకం అవతల కొట్టిన చెట్లను కొమ్మలు బయటికి ఉండేలా పడేసి ఒక అడ్డు కట్టారు, అదీ అరకొరగానే. లోపల 32 పౌన్ల గుండు విసిరే పెద్ద ఫిరంగి, దానికి తోడు చిన్న ఫిరంగులు. ఊరి నడిబొడ్డున గుట్ట మీద ఉంది కాబట్టి అక్కడి నుంచి ఇళ్ళూ, రైలు స్టేషనూ, నది మీద వంతెనలూ అన్నీ కనిపిస్తాయి. పేరు ఫోర్ట్ టైలర్.

ఈ కోట మీద యుద్ధం జరిగింది 1865 ఏప్రిల్ 16న, ఈస్టర్ ఆదివారం. అమెరికా అంతర్యుద్ధం చివరి రోజులవి. బానిసత్వం నిలబెట్టుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది వాళ్ళు కాన్ఫెడరేట్లు, వాళ్ళే కోట లోపల. వాళ్ళ మీద పోరాడిన ఉత్తరాది సేన యూనియన్, అది బయట. తేదీ ఒక్కసారి గమనించండి. వర్జీనియాలో కాన్ఫెడరేట్ జనరల్ లీ లొంగిపోయింది ఏప్రిల్ 9న. లింకన్ చనిపోయింది ఏప్రిల్ 15 పొద్దున. అంటే కాన్ఫెడరేట్ల ముఖ్యసేన తుపాకులు కింద పెట్టేసి అప్పటికి వారం అయింది. ఇక్కడ మాత్రం పొద్దున పదింటికి మొదలైన కాల్పులు సాయంత్రం ఆరు దాటేదాకా ఆగలేదు.

ఇలాంటి కథ చెప్పేటప్పుడు మన తెలుగువాళ్ళకి ఒక అలవాటు ఉంది. బొబ్బిలి కథ వింటూ పెరిగాం. 1757లో బుస్సీ ఫిరంగులు బయట, రంగారావు మనుషులు లోపల. ఆ కథలో మనం ఎప్పుడూ లోపలే ఉంటాం. కోట చిన్నదైతే, లోపలివాళ్ళు కొద్దిమందైతే, వాళ్ళెవరు, ఏం కాపాడుకుంటున్నారు అని అడగకుండానే వాళ్ళ పక్షాన నిలబడిపోతాం. నేనూ అంతే. అందుకే ఈ కథని ఇవాళ కాస్త నిదానంగా చెప్పదలుచుకున్నాను. కోటలోపల ధైర్యం నిజం. కోట దేనికోసం నిలబడిందో అదీ నిజం. ఒకటి చెప్పి రెండోది మింగెయ్యడం కుదరదు.

ఈ ఊరికి కోట ఎందుకు కట్టారో తెలియాలంటే రైలు పట్టాల దగ్గరికి వెళ్ళాలి. మాంట్‌గమరీ నుంచి వచ్చే లైను వెడల్పు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అట్లాంటా నుంచి వచ్చే లైను వెడల్పు అయిదడుగులు. రెండూ వెస్ట్ పాయింట్‌లో కలుస్తాయి. కలుస్తాయి అన్నది మాటవరసకే, ఒక లైను బండి ఇంకో లైను మీద నడవదు. మనలో పెద్దవాళ్ళకి గుంతకల్లు జంక్షన్ గుర్తుండే ఉంటుంది. మీటరు గేజీ బండి దిగి, సామాను మోసుకుంటూ బ్రాడ్ గేజీ ప్లాట్‌ఫారం కోసం పరిగెత్తేవాళ్ళం. ఇక్కడా అంతే. మాంట్‌గమరీ నుంచి వచ్చిన ప్రతి మొక్కజొన్న బస్తా, ప్రతి పంది మాంసం పీపా, ప్రతి తూటాల పెట్టె దించి, మోసి, మళ్ళీ ఎక్కించాలి. అలాంటి చోట సరుకు పేరుకుపోతుంది, పెట్టెలు బారులు తీరతాయి. 1864 జులైలో రూసో అనే యూనియన్ జనరల్ గుర్రపు దళంతో వచ్చి, ఇక్కడికి కాస్త పడమరగా ఓపెలైకా చుట్టుపక్కల ఇదే లైను పట్టాలు పీకి, కాల్చి, వంచి పోయాడు. అట్లాంటాలోని కాన్ఫెడరేట్ సేనకి తిండి వచ్చే దారుల్లో అదొకటి. ఇక రైలుకూడలినీ వంతెననీ కాపాడుకోకపోతే పని జరగదని వాళ్ళకి తెలిసొచ్చింది.

ఇప్పుడు బయట నుంచి వచ్చినవాళ్ళ సంగతి. జేమ్స్ విల్సన్ అనే యూనియన్ జనరల్, వయసు 27. అవును, ఇరవై ఏడే. 1865 మార్చి 22న అలబామా ఉత్తరం నుంచి 13 వేలకు పైగా గుర్రపు సైన్యంతో బయల్దేరాడు. ఏప్రిల్ 2న సెల్మా పట్టుకుని అక్కడి ఆయుధ కర్మాగారాలు కాల్చేశాడు. ఏప్రిల్ 12న మాంట్‌గమరీ చేతులెత్తేసింది. అక్కడి నుంచి జార్జియాలోకి రావాలంటే చాటహూచీ దాటాలి. పెద్ద వంతెనలున్నది దక్షిణాన కొలంబస్‌లో. అక్కడ వంతెన తగలబెడితే? అందుకని ముందుచూపుతో ఒక బ్రిగేడ్‌ని ఉత్తరంగా వెస్ట్ పాయింట్‌కి పంపాడు. దాని నాయకుడు కల్నల్ ఆస్కార్ లాగ్రాంజ్. మూడు వేల పైచిలుకు మనుషులు. వాళ్ళకి ముఖ్యంగా కావలసింది కోట కాదు, వంతెన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక లోపలివాళ్ళు. వీళ్ళది ఒక రెజిమెంటూ కాదు, ఒక దళమూ కాదు. ఊళ్ళో సైనిక ఆసుపత్రులున్నాయి. వాటిలోంచి లేచి నడవగలిగినవాళ్ళు కొందరు. సెలవు మీద ఇంటికొచ్చి వెనక్కి వెళ్ళడానికి దారి దొరకనివాళ్ళు కొందరు. సైన్యంలో చేర్చుకునే వయసు దాటిన ముసలివాళ్ళు, ఆ వయసు ఇంకా రాని పిల్లలు. వాళ్ళందరినీ పోగేసిన జనరల్ రాబర్ట్ టైలర్ కూడా ఆసుపత్రి మనిషే. షైలో యుద్ధంలో గాయపడ్డాడు, 1863 నవంబరులో మిషనరీ రిడ్జ్ దగ్గర కాలు పోయింది. తర్వాత బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు గానీ, చంకకర్రల మీద నడిచే మనిషి గుర్రమెక్కి దళాన్ని నడపడం ఎలా? కోలుకోవడానికని ఈ ఊరొచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. కోటకి ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది టైలర్ చంకకర్రల దగ్గర మొదలుపెడతారు. నాకైతే తొమ్మిదేళ్ళు వెనక్కి వెళ్ళాలనిపిస్తుంది. 1856లో టైలర్ నికరాగ్వాలో ఉన్నాడు. విలియం వాకర్ అనే అమెరికన్ సాహసగాడు సొంత సేనతో పోయి ఆ దేశాన్ని ఆక్రమించి, తనకు తానే అధ్యక్షుణ్ణని చెప్పుకున్నాడు, విన్నారా? ఆ సేనలో టైలర్ ఒకడు. నికరాగ్వాలో బానిసత్వం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే రద్దయింది. వాకర్ ఆ ఏడాది సెప్టెంబరులో ఒక ఉత్తర్వుతో దానికి మళ్ళీ తలుపులు తెరిచాడు.

ఇక గుట్ట కింద నిలబడ్డ లాగ్రాంజ్. విస్కాన్సిన్ వాడు. అక్కడ షెర్మన్ బూత్ అని ఒక పత్రికా సంపాదకుడు ఉండేవాడు. పారిపోయి వచ్చిన జాషువా గ్లోవర్ అనే బానిసని 1854లో మిల్వాకీ జైలు నుంచి జనం విడిపించినప్పుడు, ఆ జనాన్ని కూడగట్టింది ఈయనే. ఆ కేసు సుప్రీం కోర్టు దాకా పోయి, 1859లో బూత్‌కి వ్యతిరేకంగా తీర్పొచ్చింది, మళ్ళీ నిర్బంధించారు. 1860 ఆగస్టు 1న కొందరు కుర్రాళ్ళు పట్టపగలు వెళ్ళి కావలిలో ఉన్న బూత్‌ని విడిపించుకుపోయారు. ఆ కుర్రాళ్ళలో ఆస్కార్ లాగ్రాంజ్ ఉన్నాడు. అంటే గుట్ట మీదా గుట్ట కిందా ఉన్న ఇద్దరూ యుద్ధం మొదలవ్వకముందే తమ పక్షం ఏదో చేతలతో తేల్చుకున్నవాళ్ళు. "పాపం, సైనికులకి ఏం తెలుసు, ఆజ్ఞ పాటించారు" అనే మాట కోటలో పదహారేళ్ళ కుర్రాడికి సరిపోతుందేమో. ఈ ఇద్దరికీ సరిపోదు.

సరే, ఆదివారం పొద్దుటికి వద్దాం. పదింటికి ఊరికి పడమటి వైపు మిట్ట మీద యూనియన్ ఫిరంగులు మోహరించాయి. అవి 18వ ఇండియానా బ్యాటరీ, అంటే ఫిరంగి దళం వాళ్ళవి. ఈ బ్యాటరీని 1862లో పోగుచేసినవాడు ఈలై లిల్లీ. ఇన్సులిన్ సీసాల మీద మీరు చూసే పేరు అదే, ఆ కంపెనీ పెట్టినాయన అతనే. వెస్ట్ పాయింట్ నాటికి ఆయన వేరే దళానికి వెళ్ళిపోయాడు గానీ ఫిరంగులూ మనుషులూ ఆయన తయారుచేసినవే. అదే రోజు రాత్రి కొలంబస్‌లో ఇంకో యుద్ధం జరిగింది. అందులో జాన్ పెంబర్టన్ అనే కాన్ఫెడరేట్ అధికారి కత్తివేటుకి గాయపడి, నొప్పికి మార్ఫిన్ అలవాటు చేసుకుని, దాన్ని వదిలించుకునే మందు కోసం తంటాలు పడుతూ పడుతూ, 1886లో ఇదే అట్లాంటాలో కోకాకోలా తయారుచేశాడు. ఒక్క ఆదివారం, చక్కెర ఇటు, చక్కెర జబ్బుకి మందు అటు. (నవ్వులు) సరే, మళ్ళీ కోటలోకి.

మధ్యాహ్నం ఒకటిన్నరకి లాగ్రాంజ్ మిగిలిన బలగంతో వచ్చాడు. మొదటి విస్కాన్సిన్, రెండో ఇండియానా, ఏడో కెంటకీ దళాలని గుర్రాలు దింపి మూడు వైపుల నుంచి కోట మీదికి పంపాడు. నాలుగో ఇండియానాని గుర్రాల మీదే ఊళ్ళోంచి వంతెన మీదికి దూకించాడు. వంతెన చేతికొచ్చేసింది! నేను గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. వచ్చిన పని అయిపోయింది. కోట ఇంకా పడలేదు. పైన ఫిరంగి ఉన్నంతసేపూ వంతెన మీద నిశ్చింతగా నడవలేరు కాబట్టి కోటని వదిలెయ్యడానికీ లేదు. కానీ "ఆ కొద్దిమందీ మూడు వేలమందిని రోజంతా నది దాటనివ్వలేదు" అని ఎవరైనా చెబితే, అది జరిగింది కాదు.

గుర్రాలు దిగినవాళ్ళు కందకం అంచుదాకా వచ్చి ఆగిపోయారు. పన్నెండడుగులు దూకడం ఎవరి తరమూ కాదు. దగ్గర్లోని ఇళ్ళు పడగొట్టి దూలాలూ పలకలూ లాగి, కందకం మీద వేసే వంతెనలు తయారుచెయ్యడం మొదలెట్టారు. మిగిలినవాళ్ళు ఇళ్ళ కిటికీల్లోంచి, చెట్ల చాటు నుంచి కోట గోడ మీద తల కనిపిస్తే కాల్చడమే పనిగా పెట్టుకున్నారు. కోట చుట్టూ ఉన్న ఇళ్ళు ముందే తగలబెట్టేద్దామని సలహా ఇస్తే, అవి ఊళ్ళో జనం కట్టుకున్న ఇళ్ళు, నేను కాల్చనని టైలర్ అన్నాడని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయన్ని చంపిన తూటా అలాంటి ఇంట్లోంచే వచ్చింది. కోట వాకిట్లోకి వచ్చి బయటికి చూస్తుండగా తగిలింది. ఇంకో తూటా చంకకర్రని విరిచేసింది. ఆ యుద్ధంలో చనిపోయిన చివరి కాన్ఫెడరేట్ జనరల్‌గా ఆయన పేరు చెబుతారు. తర్వాత ఆజ్ఞలిచ్చే పని ఫ్లారిడాకి చెందిన కెప్టెన్ గొంజాలెజ్ మీద పడింది. ఆయనకీ ప్రాణాంతకమైన గాయం. మూడో అధికారి అందుకున్నాడు.

లోపల ఫిరంగి దగ్గర నిలబడే వీలు లేదు, గుండు నింపడానికి మనిషి లేస్తే చాలు కాలుస్తున్నారు. అప్పుడు వాళ్ళు ఒక పని చేశారు. ఫిరంగిలో పెట్టాల్సిన పేలుడు గుండ్లకి వత్తి వెలిగించి, చేతులతో ఎత్తి గోడ మీదుగా కందకంలోకి దొర్లించారు. వత్తి పొడవుగా వదిలితే అవతలివాడు తీసి వెనక్కి విసురుతాడు. మరీ పొట్టిగా కోస్తే నీ చేతుల్లోనే పేలుతుంది. ఆసుపత్రి మంచం మీంచి లేచి వచ్చిన మనిషి ఆ లెక్క వేసుకుంటూ, తల పైకి లేపకుండా, ఒకదాని తర్వాత ఒకటి విసురుతున్నాడు. నాకు ఆ సాయంత్రం మొత్తంలో కళ్ళకి కట్టేది ఇదే. ఆరు దాటాక బూర ఊదారు, పలకల వంతెనలు పడ్డాయి, మనుషులు దాటేశారు. అంతటితో సరి.

నష్టం లెక్క లాగ్రాంజ్ తన నివేదికలో రాశాడు. కాన్ఫెడరేట్లలో 18 మంది చనిపోయారు, 28 మందికి తీవ్ర గాయాలు, 218 మంది ఖైదీలు. గాయపడ్డవాళ్ళలో ఎక్కువమందికి తూటా తలకే తగిలిందని కూడా రాశాడు. గోడ పైకి తలే కనిపించేది మరి. యూనియన్ వైపు ఏడుగురు చనిపోయారు, 29 మందికి గాయాలు.

ఇప్పుడు ఆ అంకెలు కూడండి. 18, 28, 218. మొత్తం 264. లాగ్రాంజ్ కోటలో 265 మంది ఉన్నారంటాడు. దక్షిణాది వాళ్ళు రాసిన కథనాల్లో 120 అని ఉంటుంది. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు? నా ఉద్దేశంలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఊళ్ళో, వంతెన దగ్గర, స్టేషన్లో పట్టుబడ్డవాళ్ళని కూడా కలిపితే గెలిచినవాడి లెక్క పెరుగుతుంది. గోడ మీద నిలబడి పోరాడినవాళ్ళనే లెక్కపెడితే ఓడినవాడి లెక్క తగ్గుతుంది. అవతలి అంకె కూడా అలాంటిదే. మూడు వేలు అన్నది బ్రిగేడ్ మొత్తం. గుర్రపు దళం గుర్రాలు దిగి పోరాడేటప్పుడు ప్రతి నలుగురిలో ఒకడు ఆ నాలుగు గుర్రాలూ పట్టుకుని వెనక నిలబడతాడు. ఒక దళం వంతెన దగ్గర ఉంది. కందకం అంచున నిజంగా నిలబడ్డవాళ్ళు మూడు వేలలో ఎంతో తక్కువ. అయినా లోపలివాళ్ళ కంటే చాలా ఎక్కువే, అందులో సందేహం లేదు. కానీ "నూట ఇరవై మంది, మూడు వేల మంది" అనే జంట ఎంత చక్కగా పలుకుతుందో చూడండి. అలా చక్కగా పలికే అంకెలంటేనే నాకు అనుమానం.

లెక్కలోకి రానివాళ్ళు ఇంకొకళ్ళున్నారు. ఆ కందకం తవ్విందెవరు? జార్జియాలో ఇలాంటి మట్టికోటల పని చాలావరకు బానిసల చేత చేయించారు. 1860 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా పది లక్షల 57 వేలు, అందులో 4 లక్షల 62 వేలమంది బానిసలు. వెస్ట్ పాయింట్ ఉన్న ట్రూప్ కౌంటీలో అయితే సగం కంటే ఎక్కువ. కోటలో ఉన్నవాళ్ళు కొద్దిమంది అన్నప్పుడు ఆ ఊళ్ళో, ఆ పొలాల్లో ఉన్న ఈ జనం ఎవరి వైపు ఉన్నారో కూడా లెక్కెయ్యాలి కదా.

మర్నాడు లాగ్రాంజ్ వంతెనలు కాల్చి, 19 ఇంజన్లు, 340 రైలు పెట్టెలు సరుకుతో సహా ధ్వంసం చేయించాడు. గేజీ మారే ఊరిలో పేరుకున్న సరుకు ఎంతో దీన్నిబట్టి ఊహించుకోండి. అంతా కాల్చలేదు. కొంత తిండి సామగ్రి ఊరి మేయరుకి అప్పగించి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకీ, మిగిలితే పేదలకీ వాడమన్నాడు. ఆ తర్వాత ఖైదీలని నడిపించుకుంటూ తూర్పుగా పోతే తగిలిన ఊరు పేరు లాగ్రాంజ్. అవును, ఊరి పేరూ కల్నల్ పేరూ ఒకటే, చుట్టరికం ఏమీ లేదు. అక్కడ మగవాళ్ళు యుద్ధానికి పోయారు కాబట్టి ఆడవాళ్ళే 1861 నుంచి 'నాన్సీ హార్ట్స్' అని ఒక దళం కట్టి తుపాకి నేర్చుకున్నారు. నాన్సీ మోర్గన్ నాయకత్వంలో వీధిలో వరసగా నిలబడ్డారు. ఖైదీల్లో వాళ్ళకి తెలిసిన ఒక అధికారి ఉన్నాడు, మధ్యవర్తిత్వం జరిగింది. ఇళ్ళ జోలికి రానని కల్నల్ మాటిచ్చాడు, ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. ఫ్యాక్టరీలూ రైలు స్టేషనూ మాత్రం కాలిపోయాయి. ఆ సాయంత్రం అధికారులని భోజనానికి కూడా పిలిచారంటారు.

(సభలోంచి ప్రశ్న: యుద్ధం అయిపోయిందని ముందే తెలిసి ఉంటే కోటలోవాళ్ళు పోరాడేవాళ్ళంటారా?)

మంచి ప్రశ్నండీ. దీనికి ఊహతో జవాబు చెప్పను గానీ, నాలుగు రోజుల తర్వాత జార్జియాలోనే మేకన్ అనే ఊళ్ళో ఏం జరిగిందో చెబుతాను. ఏప్రిల్ 20న విల్సన్ సేన మేకన్ చేరింది. అక్కడి కాన్ఫెడరేట్ జనరల్ హవెల్ కాబ్‌కి యూనియన్ జనరల్ షెర్మన్, కాన్ఫెడరేట్ జనరల్ జాన్‌స్టన్ కాల్పుల విరమణ కుదుర్చుకున్నారని అప్పటికే కబురు అందింది. వెస్ట్ పాయింట్ కంటే ఎన్నో రెట్లు బలమైన ఊరు, ఎక్కువమంది సైనికులు. యుద్ధం చెయ్యలేదు, లొంగిపోయారు. తెలిసినవాళ్ళు ఏం చేశారో అదీ.

ఈ కాబ్ గురించి ఒక మాట చెప్పి ఆపేస్తాను. అదే ఏడాది జనవరిలో, మనుషులు చాలక బానిసలకి తుపాకులిచ్చి సైన్యంలో చేర్చుకుందామని కాన్ఫెడరేట్ ప్రభుత్వంలో చర్చ వచ్చింది. కాబ్ మండిపడి యుద్ధ మంత్రికి ఉత్తరం రాశాడు. బానిసలు మంచి సైనికులు కాగలిగితే, బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పని ఒప్పుకున్నట్టే అని అందులో ఉంది. అదే వసంతంలో విల్సన్ సేన దాటిన ప్రతి ఊరి నుంచీ విడుదలైన నల్లజాతి మనుషులు దాని వెంట నడిచారు. వాళ్ళలో మగవాళ్ళని చేర్చుకుని కొత్త రెజిమెంట్లు కట్టారు. వాటిలో 137వ నల్లజాతి పదాతి దళం సెల్మాలో మొదలైంది. వెస్ట్ పాయింట్ కోట కథ చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆ రెజిమెంటు దాకా రారు. వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి.